ఒకమారు కోసిన కడుపు: ఒక నియమముయొక్క చరిత్ర

ఆచారము లనగానే మనకు దేవాలయములు, పెండ్లిపందిళ్లు, పురిటిగదులు జ్ఞప్తికి వచ్చును. కారణ మడిగినచో పెద్దలు కోపించుటయు, కారణము నశించిన పిమ్మటగూడ నాచారము నిలిచియుండుటయు మన మెరిగినదే. అయితే తెల్లని గోడలును, మెరయు పనిముట్లును గల వైద్యశాలలో గూడ నిట్టి యాచారములు పుట్టి పెరుగునని మనము తలపము. శాస్త్రము తన తప్పులను తానే దిద్దుకొనునని మన విశ్వాసము. ఆ విశ్వాసము చాలవరకు సత్యమే. కాని శాస్త్రము దిద్దుకొన్న పిదపను దాని పాతమాట జనుల నోళ్లలోను, వైద్యుల యలవాటులోను ఎంతకాలము నిలుచునో తెలుపు నుదాహరణ మొకటి కలదు. అది స్త్రీల ప్రసవమునకు సంబంధించినది; కావున ప్రతి గృహమునకును సంబంధించినది.

మొదటి బిడ్డను కడుపుకోసి తీయగా, కొంతకాలమునకు మరల గర్భవతియైన యొక స్త్రీని తలచుకొందము. ఆమె అత్తగారు గాని, తల్లి గాని, ఇరుగుపొరుగువారు గాని అడుగు ప్రశ్న యొక్కటే: "ఆపరేషను ఎప్పుడు పెట్టుకొన్నారు?" ఆపరేషను కావలెనా యని యడుగువారు అరుదు. మొదటిది కోతయైనచో రెండవదియు కోతయే యను మాట మన యిండ్లలో వేదవాక్యమై కూర్చున్నది. ఈ మాటను ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? ఎట్టి స్త్రీని గూర్చి చెప్పిరి? అది యిప్పటికిని సత్యమేనా? ఈ నాలుగు ప్రశ్నలకును చరిత్రలో సమాధానము దొరకును.

ఈ శస్త్రచికిత్సకు రోమక వీరుడగు జూలియస్ సీజరు పేరు వచ్చినదనియు, అతడట్లే జన్మించెననియు లోకమున నొక ప్రథ కలదు. అది నమ్మదగినది కాదు. అతని తల్లి ఆరేలియా కుమారుడు పెరిగి పెద్దవాడై యుద్ధములు చేయునంతవరకు జీవించియుండెను. ఆ కాలమున కడుపు కోయుట, చనిపోయిన లేక చనిపోవుచున్న తల్లినుండి శిశువును తీయుటకే గాని, తల్లిని బ్రదికించుటకు గాదు. తల్లియు బ్రదికిన మొదటి యుదంతముగా చెప్పబడునది స్విట్జర్లాండు దేశపు కథ. 1500 ప్రాంతమున పందులకు సంతానశక్తిని తొలగించు వృత్తిగల జాకబ్ నూఫర్ అను నతడు, మంత్రసానులు చేతులెత్తివేయగా, తన భార్య కడుపును తానే కోసి శిశువును తీసెనట. ఆమె బ్రదుకుటయే గాక, తరువాత కవలలతో సహా మరికొందరు బిడ్డలను సహజముగా కనెనట. ఈ కథ సుమారు ఎనుబది సంవత్సరముల తరువాత గ్రంథస్థమైనది గనుక చరిత్రకారులు దీనిని సందేహించుచున్నారు. సత్యమైనను గాకున్నను ఇందొక చమత్కారము కలదు. కోతతో తల్లి బ్రదికెనని చెప్పు మొదటి కథయే, కోత తరువాత సహజప్రసవము జరిగెనని చెప్పు మొదటి కథ కూడను.

పందొమ్మిదవ శతాబ్దము చివరివరకు ఈ చికిత్స తల్లికి దాదాపు మరణశాసనమే. వైద్యులు గర్భాశయమును కోసి, దానిని కుట్టక విడిచెడివారు. గర్భాశయము తనంతట ముడుచుకొనునని వారి నమ్మకము. రక్తస్రావముచేతను, చీము విషముచేతను తల్లులు చనిపోవుచుండిరి. 1876లో ఇటలీలోని పావియా పట్టణమున ఎడ్వార్డో పోర్రో అను వైద్యుడు, శిశువును తీసిన పిమ్మట గర్భాశయమును గూడ తొలగించి తల్లిని రక్షించెను. ప్రాణము దక్కెను గాని మాతృత్వము మరల లేకపోయెను. 1882లో జర్మనీలోని లైప్జిగులో మాక్స్ జేంగర్ అను నతడు గర్భాశయపు గాయమును వెండితీగతోను, పట్టుదారముతోను జాగ్రత్తగా కుట్టుపద్ధతిని లోకమునకు తెలిపెను. ఇక తల్లి బ్రదుకును, గర్భాశయము నిలుచును, ఆమె మరల గర్భము ధరించును. మన ప్రశ్న నిజముగా పుట్టినది ఆనాడే. కుట్టిన గర్భాశయము మరల నొప్పులకు తాళునా?

ఆ కాలమున ఈ చికిత్స యెవరికి జరుగుచుండెనో గుర్తింపవలెను. పొగతో నిండి, సూర్యకాంతి సోకని యిరుకు సందులలో పెరిగిన పేదల పిల్లలకు రికెట్సు వ్యాధి వచ్చి యెముకలు వంగిపోవుచుండెను. అట్టి బాలిక పెరిగి గర్భవతియైనప్పుడు, వంకరయైన కటివలయము గుండ శిశువు రాజాలదు. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున 1888లో మర్డోక్ కామెరన్ అను వైద్యుడు చేసిన ప్రసిద్ధమైన చికిత్సలు ఇట్టి స్త్రీలకే. వీరి విషయమున మొదటిమారు కోయుటకు గల కారణము రెండవమారును ఉండును, మూడవమారును ఉండును, ఎముక మారదుగదా. ఒకమారు కోసినవారిని మరల కోయుట యిచ్చట ఆచారము గాదు, అవసరము.

1916లో న్యూయార్కు నగరమున ఎడ్విన్ క్రాగిన్ అను ప్రసూతివైద్యుడు వైద్యుల సభలో నొక యుపన్యాసము చేసెను. ఒకమారు సిజేరియను జరిగినచో ఎల్లప్పుడును సిజేరియనే యను సూత్రము ప్రపంచమున వ్యాపించినది ఆ యుపన్యాసమునుండియే. కాని యతడు చెప్పదలచినదేమి? తొందరపడి మొదటి కోత కోయకుడని తోడి వైద్యులను హెచ్చరించుటయే అతని యుద్దేశము. మొదటిదానిని కోసితిరేని తరువాతి కాన్పులకును సాధారణముగా అదే గతి పట్టునని చూపి, మొదటి కోతను మాన్పింప జూచెను. అంతేగాక ఈ నియమమునకు మినహాయింపులు గలవనియు, శస్త్రచికిత్స పిమ్మట సుఖముగా సహజప్రసవములు పొందిన స్త్రీ తన రోగులలోనే కలదనియు అతడే చెప్పెను. లోకము హెచ్చరికను మరచినది, మినహాయింపును మరచినది, ప్రాసకుదిరిన సూత్రమును మాత్రము కంఠస్థము చేసినది. కోతను తగ్గించుటకు పలికిన మాట కోతలను పెంచుటకు ప్రమాణమైనది.

ఇంతలో శస్త్రమే మారినది. క్రాగిను నాటి వైద్యులు గర్భాశయపు పైభాగమును నిలువుగా కోయుచుండిరి. ఆ భాగము దళసరి కండరము. నొప్పులు వచ్చినప్పుడు బలముగా ముడుచుకొనునది అదియే. అచ్చటి మచ్చ నొప్పులలోనేగాక, నొప్పులు రాకమునుపు గూడ చిట్లవచ్చును. గర్భాశయపు క్రిందిభాగము పలుచనిది; నొప్పులలో అంతగా ముడుచుకొనక సాగునట్టిది. ఆ క్రిందిభాగమున అడ్డముగా కోయవలెనని గ్లాస్గో వైద్యుడు మన్రో కెర్ 1920 తరువాతి సంవత్సరములలో పట్టుబట్టి బోధించెను. మొదట వైద్యలోకము సందేహించెను గాని, క్రమముగా ఆ పద్ధతియే ప్రపంచమంతట నిలిచినది. అడ్డకోత మచ్చ నిలువుకోత మచ్చకంటె చాల గట్టిది. మరియు రికెట్సు తగ్గినకొలది చికిత్సకు కారణములును మారినవి. శిశువు ఎదురుకాళ్లతో నుండుట, మాయ అడ్డుపడుట, శిశువు గుండె చప్పుడు మందగించుట మున్నగునవి యొక కాన్పున నుండి మరుకాన్పున లేకపోవచ్చును. ఈ విధముగా క్రాగిను సూత్రమునకు ఆధారములైన రెండు స్తంభములును, అనగా మారని యెముకయు, చిట్లెడి మచ్చయు, కదలిపోయినవి. సూత్రము మాత్రము కదలలేదు.

ఐరోపాలో అనేక వైద్యశాలలు తగిన స్త్రీలకు సహజప్రసవమున కవకాశ మిచ్చుచునే యుండెను. అమెరికాలో మాత్రము ఆ సూత్రము శాసనమువలె సాగెను. అచ్చట 1970లో నూటికి 5.5 కాన్పులు కోతతో జరుగగా, 1980 నాటికి ఆ సంఖ్య 16.5 అయ్యెను. అందు చెప్పుకోదగిన భాగము పూర్వపు కోతను బట్టి చేసిన మరుకోతలు. 1980లో ఆ దేశపు జాతీయ ఆరోగ్యసంస్థలు పండితసభను కూర్చి, తగిన పరిస్థితులలో పూర్వము కోత జరిగిన స్త్రీలు సహజముగా ప్రసవింపవచ్చునని నిర్ణయించెను. ఈ నిర్ణయమునకు వెనుక స్త్రీల యుద్యమమును గలదు. తమ ప్రసవములనుగూర్చి తమకేమియు చెప్పలేదని బాధపడిన తల్లులు సంఘములుగా నేర్పడి, వైద్యపత్రికలు చదివి, ఒండొరులకు సమాచారము తెలుపుకొనిరి. 1982లో ఇట్టి సంఘమొకటి దేశవ్యాప్తముగా నెలకొనెను. 1983లో నాన్సీ వెయినర్ కోహెన్, లోయిస్ ఎస్ట్నర్ అను నిరువురు స్త్రీలు ఈ విషయముపై వ్రాసిన గ్రంథము ప్రసిద్ధి కెక్కెను. 1996 నాటికి పూర్వము కోత జరిగిన అమెరికా స్త్రీలలో నూటికి 28.3 మంది సహజముగా ప్రసవించుచుండిరి.

ఇచ్చటితో కథ ముగిసినచో సంస్కర్తలకు సంతోషమే. కాని చరిత్ర మన కోరిక ననుసరించి నడువదు. సహజప్రసవమునకు ఖర్చు తక్కువ. ఆ సంగతి గ్రహించిన భీమాసంస్థలు కొన్ని, మచ్చగల స్త్రీలందరును మొదట నొప్పులు పడియే తీరవలెనని వైద్యులను నిర్బంధింపసాగెను. నిన్నటివరకు కోత తప్పదనిన లోకమే నేడు నొప్పులు తప్పవనెను. తగినవారు, తగనివారు అను విచక్షణ సడలినది. నొప్పులు తెప్పించు మందులను విరివిగా వాడిరి. గర్భాశయము చిట్లి, శిశువులు చనిపోయిన యుదంతములును, న్యాయస్థానముల వ్యాజ్యములును హెచ్చెను. 1996లో కెనడాలోని నోవాస్కోషియా రాష్ట్రమున ఆరువేలకు పైగా స్త్రీలపై జరిగిన పరిశీలనలో, నొప్పులకు సిద్ధపడిన వారికి పెద్ద చిక్కులు అధికమని తేలెను. ఆ చిక్కులలో పెక్కులు, సహజప్రసవమునకు పూనుకొని కడకు కోతతో ముగిసినవారివి. 2001లో వాషింగ్టను రాష్ట్రపు పరిశీలన ప్రచురింపబడెను. గర్భాశయము చిట్లుట, నొప్పులు లేకుండ కోసినవారిలో వేయింటికి 1.6 గాను, నొప్పులు తామై వచ్చినవారిలో 5.2 గాను, ప్రోస్టాగ్లాండిను మందులతో నొప్పులు తెప్పించినవారిలో 24.5 గాను ఉండెను. తానై వచ్చిన నొప్పికిని, తెప్పించిన నొప్పికిని గల భేదము ఈ యంకెలలో స్పష్టము.

1999లో అమెరికా ప్రసూతివైద్యుల సంఘము, ఇట్టి ప్రసవము జరుగుచున్నంతసేపును శస్త్రవైద్యుడు తక్షణమే లభ్యుడై యుండవలెనని నియమించెను. క్షేమముకొరకు చేసిన నియమమే యిది. కాని చిన్న పట్టణముల వైద్యశాలలు రాత్రింబవళ్లు శస్త్రవైద్యుని, మత్తువైద్యుని కూర్చుండబెట్టజాలక, అసలు సహజప్రసవమునే నిషేధించెను. నూటికి 28 గా నున్న సంఖ్య పదికి లోపలకు పడిపోయెను. తనకు తగుననియు, తనకిష్టమనియు తెలిసిన స్త్రీకి గూడ ద్వారము మూసివేయబడెను. 2010లో జాతీయ ఆరోగ్యసంస్థలు మరల సభ చేసి, ఇట్టి ప్రసవము కోరు స్త్రీలకు ఎదురగుచున్న అడ్డంకులనుగూర్చి విచారము తెలిపెను. అదే సంవత్సరమున వైద్యసంఘమును తన నియమమును సడలించి, ఇష్టములేని స్త్రీని బలవంతముగా కోతకు గురిచేయుట కూడదని చెప్పెను. 2018 నాటికి ఆ సంఖ్య 13.3 వరకు మెల్లగా పెరిగినది.

నూరేండ్ల యీ చరిత్రలో లోలకము మూడుమారులు ఊగినది. ఒకప్పుడు అందరికిని కోత. మరియొకప్పుడు అందరికిని నొప్పులు. పిమ్మట మరల అందరికిని కోత. మూడుమారులును "అందరికి" అను మాటయే దోషము. స్త్రీకి ఏ మచ్చ గలదు, మొదట నేల కోసిరి, ఆమె కోరిక యేమి యను మూడు ప్రశ్నలును మూడుమారులును వెనుకబడినవి. ఒక నియమముచేత పీడితుడైనవాడు దానికి వ్యతిరిక్తమైన నియమముచేత విముక్తుడగుననుట మన సంఘసంస్కరణ చరిత్రలో గూడ తరచు జరిగిన పొరపాటు.

ఇక తెలిసిన సత్యమేమి? 2004లో అమెరికాలో ప్రచురింపబడిన గొప్ప పరిశీలనలో, మచ్చగల 17,898 మంది స్త్రీలు సహజప్రసవమునకు పూనుకొనిరి. వారిలో నూటికి 73 మందికి అది సిద్ధించెను. గర్భాశయము చిట్లినవారు 124 మంది, అనగా వేయింటికి ఏడుగురు. ఆ యేడుగురి మాట తేలికగా తీసివేయరాదు. ఒక్కొక్కప్పుడు శిశువు మెదడునకు హాని కలుగును, ప్రాణమే పోవచ్చును. అట్లని మరుకోత నిరపాయమును గాదు. 2006లో ముప్పదివేలకు పైగా స్త్రీలపై జరిగిన పరిశీలనలో మరియొక సంగతి తేలెను. మాయ క్రిందికి దిగి ద్వారమున కడ్డుపడిన స్త్రీలలో, ఆ మాయ గర్భాశయపు గోడలో పాతుకొనిపోవుట మొదటి కోతనాడు నూటికి 3, రెండవ కోతనాడు 11, మూడవ కోతనాడు 40 గా నుండెను. పాతుకొనిన మాయ ఊడిరాక, రక్తము వరదయై పారును; గర్భాశయమునే తీయవలసివచ్చును. కోతయొక్క వెల ఆనాడే చెల్లిపోదు. తరువాతి గర్భముల పద్దులో వ్రాయబడును. ఇద్దరు, ముగ్గురు బిడ్డలను కోరు స్త్రీకి ఈ లెక్క తెలియజెప్పకుండుట అన్యాయము.

అన్నిటికంటె ముఖ్యమైనది, తలచినది తలచినట్లు జరుగకపోవుట. సహజముగా ప్రసవింపవలెనని నిశ్చయించుకొన్న నలుగురిలో ఒకతె కోతతో తేలును. నొప్పులు పడిన పిదప జరుగు కోత, నింపాదిగా ముందే నిర్ణయించిన కోతకంటె కష్టతరము. ఇట్లే కోతకు దినము నిర్ణయించుకొన్న స్త్రీల విషయమున గూడ, ఆ దినము రాకమునుపే నూటికి పదిమంది వరకు నొప్పులు రావచ్చునని బ్రిటిషు ప్రసూతివైద్యుల కళాశాల తన మార్గదర్శకములలో చెప్పుచున్నది. అర్ధరాత్రమున నొప్పులు వచ్చి, శిశువు త్వరగా దిగివచ్చుచున్నప్పుడు పాత నిర్ణయమును పట్టుకొని కూర్చుండుట వివేకము గాదు. కావున ఒక త్రోవను ఎంచుకొన్నవారు రెండవ త్రోవకును సిద్ధముగా నుండవలెను. త్రోవ మారినంతమాత్రమున స్త్రీ ఓడినట్లు గాదు. సహజముగా కనలేకపోతివని కోడలిని ఎత్తిపొడుచుటయు, నొప్పులకు పూనుకొని బిడ్డను ప్రమాదమున పెట్టితివని నిందించుటయు ఒకే మూఢత్వమునకు రెండు ముఖములు.

లెక్కలలో గూడ వివక్ష చొరబడునని తెలుపు సంగతి యొకటి కలదు. ఏ స్త్రీకి సహజప్రసవము సిద్ధించునో ముందుగా అంచనా వేయుటకు 2007లో అమెరికా పండితులు ఒక గణితసూత్రమును కల్పించిరి. స్త్రీ నల్లజాతిది గాని, హిస్పానిక్ జాతిది గాని యైనచో, ఆ సూత్రము ఆమెకు అవకాశము తక్కువని చూపెడిది. జాతి యెముకలలో లేదు, మచ్చలో లేదు. సంఘమున అనుభవించు అన్యాయములో గలదు. ఆ యన్యాయఫలమును కారణముగా నెంచి, దానినిబట్టి మరికొందరిని కోతకు పంపుట విషవలయము. విమర్శలు వచ్చిన పిమ్మట 2021లో జాతిప్రసక్తి లేని క్రొత్త సూత్రము వెలువడెను. కులము మాటున యోగ్యతను కొలిచిన మన దేశమున ఈ సంగతిని బోధపరచుటకు వ్యాఖ్యానము అక్కరలేదు.

ఇప్పుడు మన యింటికి వత్తము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము భారతదేశమున నూటికి 21.5 కాన్పులు కోతతో జరుగగా, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7 జరిగినవి. దేశమున తెలంగాణమునకే ప్రథమస్థానము. అచ్చటి ప్రైవేటు వైద్యశాలలలో ఈ సంఖ్య నూటికి 80 దాటినది. మొదటి కాన్పు కోతయైన తల్లులు ఇంతమంది యుండగా, రెండవ కాన్పునుగూర్చిన ప్రశ్న తెలుగుదేశమున కొందరి ప్రశ్న గాదు, సగము యిండ్ల ప్రశ్న. దీనికితోడు మనవారు నక్షత్రమును, లగ్నమును చూచి కోతకు ముహూర్తము పెట్టించుకొనుటయు గలదు. ముప్పదితొమ్మిది వారములు నిండకమునుపే తీసిన శిశువులకు ఊపిరితిత్తులు పక్వముగాక శ్వాసబాధ కలుగుట యధికము. జాతకము బాగుగ నుండవలెనని, జాతకుని శ్వాసనే ఇక్కట్టు పెట్టుట యెట్టి శుభము?

క్రాగిను అసలు హెచ్చరిక మనకు సరిగా వర్తించునది ఇచ్చటనే. అవసరమైన కోత ప్రాణదానము. దానిని నిందించువారు తల్లుల మృత్యుచరిత్రను ఎరుగనివారు. అవసరములేని మొదటి కోత మాత్రము, రాబోవు కాన్పులన్నిటిని చిక్కులలో పెట్టును. 2018లో భారతప్రభుత్వము శిక్షితలైన మంత్రసానుల సేవలకు మార్గదర్శకములు వెలువరించినది. నొప్పులలో స్త్రీకి తోడుగా నిలిచి, ధైర్యము చెప్పి, ప్రమాదచిహ్నమును గుర్తించి వైద్యుని పిలువగల వారు పెరిగినచో, మొదటి కోతలు తగ్గుటకు వీలుకలుగును.

గృహస్థులు చేయవలసినది కష్టమైనది గాదు. మొదటి కోత జరిగిననాడే, ఎందుకు కోసిరో, గర్భాశయమును అడ్డముగా కోసిరో నిలువుగా కోసిరో వ్రాయించుకొని, ఆ కాగితమును నగలపెట్టెలో భద్రపరుపవలెను. చర్మముపై కనబడు మచ్చ లోపలి మచ్చను తెలుపదు. పైన అడ్డము, లోపల నిలువు కావచ్చును. మరుగర్భము నిలిచిన తోడనే వైద్యుని కలిసి, సహజప్రసవము తగునా యని సూటిగా నడుగవలెను. నిలువుకోత జరిగినవారికిని, పూర్వము గర్భాశయము చిట్లినవారికిని అది తగదు. మునుపు ఒక్కమారైనను సహజముగా ప్రసవించినవారికి అది సిద్ధించు నవకాశము మిక్కిలి హెచ్చు. ఇష్టపడినవారు, ఏ వేళనైనను శస్త్రచికిత్స చేయగల వైద్యశాలలోనే నొప్పులు పడవలెను. ఇంటియొద్ద గాదు, రక్తము దొరకని చోట గాదు. కోతనే కోరుకొన్నవారి కోరికను గూడ అంతే గౌరవముతో మన్నింపవలెను.

జాకబ్ నూఫర్ కథలో భార్య సమ్మతిని అడిగి, నగరపెద్దల యనుమతిని పొందిన పిదపనే అతడు కత్తి చేపట్టెనని చెప్పుదురు. కథ కల్పితమే కావచ్చును. కాని ఐదువందల యేండ్లనాటి కల్పనలో సామాన్యునికి తోచిన మర్యాద, ఇన్ని చదువులు చదివిన మనకు తోచకపోవుట తగునా? రెండవ కాన్పునకు సిద్ధపడుచున్న మన ఆడబిడ్డను "ఆపరేషను ఎప్పుడు?" అని యడుగుటకు మారుగా, "వైద్యులు ఏమనిరమ్మా? నీకేమి తోచుచున్నది?" అని యొకమారు అడిగి చూతము.